టైరు సెన్సరు, రిమోట్ తాళం: పాత కారులో లోపం పట్టే వరస

పదేళ్లు దాటిన కారులో తరచు మొరాయించేవి రెండు. డాష్‌బోర్డు మీద వెలిగి ఓ పట్టాన ఆరని టైరు గాలి దీపం ఒకటి; ఓసారి పలికి, ఓసారి పలకని రిమోట్ తాళం రెండోది. పైకి ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించినా చాలా కార్లలో లోపల రెండింటి నిర్మాణమూ ఒకటే. రెండింటిలోనూ ఓ చిన్న లిథియం సెల్లు, దాని బలంతో పనిచేసే రేడియో ట్రాన్స్‌మిటరు ఉంటాయి. అది పంపిన సంకేతాన్ని కారులోని రిసీవరు అందుకుంటుంది. సంకేతంలోని గుర్తింపు సంఖ్య తన దగ్గరున్న జాబితాలో కనిపిస్తేనే కారు దాన్ని పట్టించుకుంటుంది.

కాబట్టి లోపం ఉండగల చోట్లు ఐదు: సెల్లు, ట్రాన్స్‌మిటరు, రిసీవరు, గుర్తింపు జాబితా, చివరగా అసలు వస్తువు, అంటే టైరులోని గాలి లేదా తలుపులోని లాకు మోటారు. ఖర్చు లేని పరీక్ష ముందు, డబ్బు పెట్టే మార్పిడి చివర అన్న వరసలో ఈ ఐదింటినీ చూసుకుంటూ పోతే చాలా లోపాలు ఇంటి ముందే తేలిపోతాయి. వరస తప్పితే బాగున్న సెన్సర్లు నాలుగూ మారిపోతాయి, దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

టైరు గాలి దీపం: రెండు పద్ధతులు

ఫైర్‌స్టోన్ టైర్లు, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ప్రమాదాల వివాదం తరవాత అమెరికా 2000లో ట్రెడ్ చట్టం చేసింది. దాని ఫలితంగా 2007 సెప్టెంబరు 1 నుంచి అక్కడ అమ్మకానికి తయారయ్యే తేలికపాటి వాహనాలన్నిటికీ టైరు గాలిని కనిపెట్టే వ్యవస్థ తప్పనిసరి అయింది. యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఇదే నియమం. భారత్‌లో 2020లో సవరించిన నిబంధనల ప్రకారం ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు కిట్టు, ఈ వ్యవస్థ మూడూ ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదు. అందువల్ల అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థి కొన్న పాత కేమ్రీలోనో కరోలాలోనో, అది 2007 సెప్టెంబరు తరవాత తయారైనదైతే, ఈ దీపం తప్పక ఉంటుంది. హైదరాబాదులో అదే వయసు కారులో అది ఉండాలని లేదు.

ఈ వ్యవస్థ రెండు రకాలు. మొదటి రకంలో ప్రతి చక్రం లోపల, సాధారణంగా వాల్వ్ మొదట్లో, ఒక సెన్సరు కూర్చుని గాలి ఒత్తిడిని నేరుగా కొలిచి రేడియో ద్వారా చెబుతుంది. రెండో రకంలో చక్రాల్లో సెన్సర్లే ఉండవు. గాలి తగ్గిన టైరు కాస్త కుంగి, మిగతావాటి కన్నా కొంచెం వేగంగా తిరుగుతుంది. ఏబీఎస్ కోసం ఉన్న వేగ సెన్సర్లు ఆ తేడాను పసిగడతాయి. నాలుగు టైర్లలోనూ గాలి సమానంగా దిగిపోతే ఈ రకానికి అంత తేలిగ్గా తెలియదు.

కారు ఏ రకమో ముందే తేల్చుకోవాలి. డాష్‌బోర్డులో ఒక్కో టైరు ఒత్తిడి అంకెల్లో కనిపిస్తే చాలావరకు మొదటి రకమే. వాల్వ్ కాడ లోహంతో చేసి, మొదట్లో నట్టు ఉంటే లోపల సెన్సరు ఉండే అవకాశం ఎక్కువ. అయితే రబ్బరు కాడతో వచ్చే సెన్సర్లూ ఉన్నాయి గనక యజమాని చేతి పుస్తకం చూడటం మేలు. అమెరికాలో అమ్మిన 2013 హోండా అకార్డ్ రెండో రకం కారు. అలాంటి కారుకు సెన్సరు మార్చమని ఎవరైనా అంటే ఆ మాట నమ్మనక్కర్లేదు. గాలి సరిచేసి, పుస్తకంలో చెప్పిన చోట రీసెట్ నొక్కి, కొంతసేపు నడిపితే అది తనంతట తాను కొత్త లెక్క కట్టుకుంటుంది.

దీపం చెప్పేదేమిటి

ఇంజిను స్టార్ట్ చేసినప్పటి నుంచి దీపం నిలకడగా వెలుగుతుంటే ఏదో ఒక టైరులో గాలి తక్కువుందని అర్థం. మొదట ఒక నిమిషం నుంచి నిమిషంన్నర దాకా మిణుకుమిణుకుమని, తరవాత నిలకడగా వెలిగితే లోపం వ్యవస్థలోనే ఉందని అర్థం: సెన్సరు పలకడం లేదు, లేదా రిసీవరుకు వినిపించడం లేదు. అమెరికా ప్రమాణం ఈ తేడాను నిర్దేశించింది. ఇతర దేశాల కార్లూ చాలావరకు ఇదే పద్ధతి పాటిస్తాయి. స్టార్ట్ చేసిన తొలి నిమిషంన్నర దీపాన్ని గమనిస్తే సగం పరీక్ష అయిపోయినట్టే.

ముందు గాలి, తరవాతే సెన్సరు

నిలకడగా వెలిగే దీపానికి మందు గాలే. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు పక్క స్తంభం మీది స్టిక్కరులో పీఎస్ఐ లెక్కన రాసి ఉంటుంది. టైరు పక్కగోడ మీద ఉండే అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి. దాన్ని చూసి గాలి పట్టించకూడదు. కారు కనీసం మూడు గంటలు కదలకుండా నీడలో ఉన్నాక, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచిందే అసలు లెక్క.

ఉష్ణోగ్రత సుమారు 5.5 డిగ్రీల సెల్సియస్ మారితే టైరు ఒత్తిడి దాదాపు ఒక పీఎస్ఐ మారుతుంది. ఏ పంక్చరూ లేకుండానే నెలకు ఒక పీఎస్ఐ దాకా తగ్గడమూ మామూలే. ఉదాహరణకు సెప్టెంబరులో 25 డిగ్రీల వద్ద 32 పీఎస్ఐ పట్టించిన కారు చికాగోలో డిసెంబరు నాటికి మైనస్ 5 డిగ్రీల తెల్లవారుజామును చూస్తుందనుకుందాం. చలికి సుమారు 5, మూడు నెలల సహజ నష్టానికి మరో 3 పోతే మిగిలేది 24. అమెరికా ప్రమాణం ప్రకారం స్టిక్కరు అంకె కన్నా 25 శాతం తగ్గినప్పుడు దీపం వెలగాలి. 32లో 25 శాతం పోతే సరిగ్గా 24. తొలి చలిగాలులకు ఎన్నో కార్లలో ఒకేసారి దీపం వెలగడానికి కారణం ఇదే. కాసేపు నడిచి టైరు వేడెక్కగానే అది ఆరిపోవచ్చు. అంతమాత్రాన గాలి సరిపోయినట్టు కాదు. నైట్రోజన్ పట్టించినా ఉష్ణోగ్రత విషయంలో తీరు ఇంతే.

తెలుగు నేల మీద చిక్కు ఎక్కువగా దీనికి విలోమంగా వస్తుంది. మే నెల మధ్యాహ్నం హైవే మీద నడిచిన టైరులో ఒత్తిడి స్టిక్కరు అంకెను దాటి కనిపిస్తుంది. ఎక్కువైందని అప్పుడు గాలి వదిలిస్తే మర్నాడు పొద్దున చల్లారిన టైరులో గాలి చాలదు, దీపం వెలుగుతుంది. వేడి టైరులోంచి గాలి తీయకపోవడమే మంచిది.

గాలి పట్టించిన వారంలోపే అదే టైరు మళ్లీ దిగితే అది సెన్సరు తప్పు కాదు. సబ్బునీళ్లు వాల్వ్ నోటి మీద, కాడ మొదట్లో, రిమ్ అంచు చుట్టూ పోసి బుడగలు చూడాలి. పాత అల్లాయ్ చక్రాల్లో రిమ్ అంచు తుప్పుపట్టి గాలి జారడం తరచు కనిపించే లోపం. స్టెప్నీని మరవకూడదు: కొన్ని కార్లలో దానికీ సెన్సరు ఉంటుంది. నాలుగు టైర్లూ బాగున్నా ఐదోదాంట్లో గాలి లేక దీపం ఆరదు.

ఏ చక్రం సెన్సరు పోయింది

దీపం మిణుకుతుంటే సెన్సరు మీద అనుమానం న్యాయమే. సెన్సరులోని సెల్లును తేమ తగలకుండా జిగురు పదార్థంలో పూడ్చేస్తారు గనక దాన్ని మార్చడానికి వీలుండదు. దాని ఆయుష్షే సెన్సరు ఆయుష్షు. అది మామూలుగా 5 నుంచి 10 ఏళ్లు. సెల్లు ఆదా కోసం నిలిచి ఉన్న కారులో సెన్సర్లు దాదాపు నిద్రలో ఉంటాయి, చక్రం తిరగగానే మేలుకుంటాయి. అందుకే సెన్సరు పనిచేస్తోందో లేదో, పరికరం లేకుండా, కారు నిలిపి ఉంచి తేల్చలేం. 15, 20 నిమిషాలు నడిపి చూడాలి.

కారు ఒక్కో టైరు ఒత్తిడిని విడిగా చూపిస్తే అంకె బదులు గీతలు కనిపించే చక్రమే దోషి. అలా చూపించని కార్లకు టైరు షాపులో చేతి పరికరం ఉంటుంది. దాన్ని వాల్వ్ పక్కన పట్టుకుంటే తక్కువ ఫ్రీక్వెన్సీ సంకేతంతో సెన్సరును నిద్ర లేపి, దాని గుర్తింపు సంఖ్య, ఒత్తిడి, చాలా రకాల్లో సెల్లు స్థితి కూడా చదివేస్తుంది. టైరు ఊడదీయకుండా, నాలుగు చక్రాలకూ కలిపి కొద్ది నిమిషాల్లో అయ్యే పని ఇది. ఈ పరీక్ష చేయకుండా సెన్సరు కొనకూడదు.

సెల్లు కాక వేరే కారణాలూ ఉంటాయి. పంక్చరుకు టైరులో పోసే ద్రవం సెన్సరు రంధ్రాన్ని మూసేయవచ్చు. టైరు ఊడదీసేటప్పుడు యంత్రం పట్టు సెన్సరు మీద పడితే అది విరుగుతుంది. అందుకే పని మొదలుకాక ముందే చక్రంలో సెన్సరు ఉందని షాపువాళ్లకు చెప్పాలి. అల్యూమినియం కాడలో మామూలు ఇత్తడి వాల్వ్ పిన్ను బిగిస్తే రెండు లోహాలూ కలిసి తుప్పుపట్టి, కొన్నాళ్లకు పిన్ను ఊడి రాదు. బలవంతం చేస్తే కాడ విరుగుతుంది. అలాంటి కాడకు నికెల్ పూత పిన్నే వాడాలి.

కొత్త సెన్సరు, దానికి కారుతో పరిచయం

సెన్సరు కొనేముందు చూడాల్సింది ఫ్రీక్వెన్సీ. అమెరికాలో అమ్మిన కార్లలో 315 మెగాహెర్ట్జ్ ఎక్కువ. భారత్, యూరప్ కార్లలో 433 మెగాహెర్ట్జ్. పేరు, ఆకారం ఒకటే అయినా అక్కడి బంధువు తెచ్చిన 315 సెన్సరు ఇక్కడి 433 కారుకు పనికిరాదు. రిమోట్‌కూ ఇదే వర్తిస్తుంది.

కొత్త సెన్సరు గుర్తింపు సంఖ్యను కారు జాబితాలో చేర్చే పద్ధతులు మూడు. కొన్ని కార్లు కాసేపు నడిపితే తామే నేర్చుకుంటాయి. కొన్నింటికి ఓబీడీ పోర్టులో (కారు కంప్యూటరుతో మాట్లాడే సాకెట్టులో) స్కానరు పెట్టి సంఖ్యలు రాయాలి. పాత టొయోటా కార్లు ఎక్కువగా ఈ కోవలోవి. వాటిలో స్టీరింగు కిందనో గ్లవ్ బాక్సులోనో ఉండే సెట్ బటన్ కొత్త సెన్సర్లను నేర్పదు. అప్పుడున్న గాలినే సరైన గాలిగా గుర్తుపెట్టుకుంటుంది. గాలి తక్కువున్నప్పుడు దీపం ఆర్పడానికి ఆ బటన్ నొక్కితే ఆ తక్కువ గాలే ప్రమాణమైపోతుంది, అసలు ప్రమాదంలో హెచ్చరిక రాదు. ఇక మూడో పద్ధతిలో కారును నేర్చుకునే స్థితిలో పెట్టి చక్రాలను వరసగా పరిచయం చేయాలి. 2000ల రెండో సగం నాటి జనరల్ మోటార్స్ కార్లు చాలావాటిలో రిమోట్ మీది లాక్, అన్‌లాక్ బటన్లు రెండూ కలిపి కొన్ని సెకన్లు నొక్కితే హారన్ రెండుసార్లు కూస్తుంది. అప్పుడు ఎడమ ముందు చక్రంతో మొదలుపెట్టి కుడి ముందు, కుడి వెనక, ఎడమ వెనక వరసలో పరికరం చూపించాలి.

పాత సెన్సరు సంఖ్యనే నకలు చేసుకునే ప్రోగ్రామబుల్ సెన్సర్లూ దొరుకుతాయి. వాటితో కారుకు కొత్తగా నేర్పే పని తప్పుతుంది, అయితే పాత సంఖ్య తెలిసి ఉండాలి.

సెన్సర్లు లేని కార్లకు భారత్‌లో బాగా అమ్ముడుపోతున్నవి వాల్వ్ మూత స్థానంలో బయట బిగించేవి. వీటిలోని సెల్లును ఇంట్లోనే మార్చుకోవచ్చు. అయితే మూత సెన్సరు వాల్వ్ పిన్నును నిరంతరం నొక్కి ఉంచుతుంది. లోపలి రబ్బరు వాషరు గట్టిపడితే అక్కడే గాలి కారుతుంది. పొడవాటి మెత్తని రబ్బరు కాడ మీద దాని బరువు వేగంలో కాడను వంచుతుంది కూడా. ఈ సెన్సరు పెట్టాక గాలి దిగడం మొదలైతే ముందు దాన్నే తీసి చూడాలి.

రిమోట్ పలకనప్పుడు

రిమోట్ లోపానికి ఇంట్లో ఉన్న అత్యుత్తమ పరీక్షా పరికరం రెండో తాళం. రెండోది పనిచేస్తే లోపం మొదటి రిమోట్‌లో ఉంది. రెండూ పలకకపోతే చాలావరకు కారులో ఉంది. తరవాతి పరీక్ష దూరం. కారును ఆనుకుని నొక్కితే పలికి, పదడుగుల నుంచి పలకకపోతే సెల్లు నీరసించింది. ఇంటి దగ్గర పలికి ఒకే ఒక్క చోట, ప్రసార టవరు పక్కనో విమానాశ్రయం పార్కింగులోనో మూగబోతే అది రేడియో జోక్యం. కారు వేరే చోట పెట్టి చూస్తే తేలుతుంది.

సెల్లు మీద ఉండే సంఖ్యలోనే కొలత ఉంటుంది. సీఆర్2032 అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం. సీఆర్1620 అంటే 16 మిల్లీమీటర్లు, 2 మిల్లీమీటర్లు. మందం తక్కువ సెల్లు వేస్తే లోపల వదులై, రిమోట్ కుదిపినప్పుడు పలికి కుదుటపడ్డాక మూగబోతుంది. కొత్త సెల్లు మల్టీమీటరులో 3 వోల్టుల పైన చూపాలి. పిల్లలు మింగకుండా కొన్ని సెల్లుల మీద చేదు పూత వేస్తారు. ఆ పూత కొన్ని రిమోట్లలో కనెక్షనుకు అడ్డొస్తుంది. ఆల్కహాలు అద్దిన గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. తీసిన సెల్లును పిల్లలకు అందనిచోట పెట్టాలి. ఈ నాణెం సెల్లు గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మింగారన్న అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

సెల్లు కొత్తదైనా పలకకపోతే రిమోట్ విప్పి చూడాలి. కింద పడీ పడీ సెల్లును పట్టుకునే రేకు మొదట్లో, బటన్ స్విచ్చు కాళ్ల దగ్గర టంకం చిట్లిపోతుంది. అది టంకం పెట్టే ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా అయ్యే పని. ఒకే బటన్ పనిచేయకపోతే ఆ స్విచ్చో, దాని కింది రబ్బరో అరిగింది. వానలో తడిసి పచ్చటి చిలుము పట్టిన బోర్డును ఆల్కహాలుతో మెత్తగా కడిగి, పూర్తిగా ఆరాకే సెల్లు పెట్టాలి.

బోర్డు బాగుండీ కారు వినకపోతే లెక్క తప్పి ఉండవచ్చు. దొంగలు సంకేతాన్ని పట్టుకుని మళ్లీ వాడకుండా రిమోట్ ప్రతి నొక్కుకూ కొత్త కోడు పంపుతుంది. కారు దానితో పాటు లెక్క పెట్టుకుంటుంది. దూరంగా ఉన్నప్పుడు పిల్లలు ఆడుకుంటూ వందలసార్లు నొక్కితే రిమోట్ లెక్క ముందుకు పోతుంది. కొన్ని కార్లలో దగ్గరికొచ్చి వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే లెక్క కలుస్తుంది. మరికొన్నింటికి పుస్తకంలో చెప్పినట్టు తాళం తిప్పి మళ్లీ జత చేయాలి.

కారు లైట్లు మిణికి, ఒక తలుపు మాత్రం తెరుచుకోకపోతే రిమోట్‌ను విప్పనక్కర్లేదు. సంకేతం అందింది, పోయింది ఆ తలుపులోని లాకు మోటారు. లోపలి సెంట్రల్ లాకు బటన్ నొక్కినా ఆ తలుపు కదలకపోతే సందేహమే లేదు. ఏదైనా తలుపు సరిగా మూసుకోకపోయినా, తాళం ఇగ్నిషన్‌లో ఉన్నా కొన్ని కార్లు రిమోట్ మాట వినవు.

రిమోట్ చచ్చినా కారు కదులుతుంది

తలుపులు తెరిచే రేడియోకూ, ఇంజిను స్టార్ట్ కానిచ్చే ఇమ్మొబిలైజరు చిప్పుకూ సంబంధం లేదు. ఆ చిప్పుకు సెల్లు అక్కర్లేదు; ఇగ్నిషన్ చుట్టూ ఉండే తీగచుట్ట నుంచే శక్తి తీసుకుంటుంది. అందుకే సెల్లు అయిపోయిన తాళంతో తలుపు చేత్తో తీసి, ఇంజిను మామూలుగా స్టార్ట్ చేయవచ్చు. బటన్ స్టార్ట్ కార్ల రిమోట్‌లోనూ లోపల ఒక లోహపు తాళం దాగి ఉంటుంది. దానితో తలుపు తీసి, బ్రేకు తొక్కి, రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనిస్తే టొయోటా, హ్యుందయ్ వంటి చాలా కార్లు స్టార్ట్ అవుతాయి. మరికొన్నింటిలో రిమోట్ పెట్టడానికి కన్సోల్‌లో ప్రత్యేకమైన గూడు ఉంటుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పాత రిమోట్ డొల్ల పారేసి కొత్తది కొన్నప్పుడు, బోర్డుతో పాటు లోపలున్న గోరంత చిప్పును కూడా కొత్తదాంట్లోకి మార్చకపోతే తలుపులు తెరుచుకుంటాయి, ఇంజిను మాత్రం స్టార్ట్ కాదు.

రెండూ ఒకేసారి మూగబోతే

టైరు దీపం మిణకడం, రిమోట్ పలకకపోవడం ఒకే వారంలో మొదలైతే విడివిడిగా వెతకడం దండగ. చాలా కార్లలో రెండు సంకేతాలనూ అందుకునేది ఒకే రిసీవరు. నాలుగు సెన్సర్ల సెల్లులూ, రిమోట్ సెల్లూ కలిసి ఒకేసారి చావడం కన్నా ఆ ఒక్క రిసీవరు చెవిటిదవడమే నమ్మదగిన కారణం.

ఇక్కడా చవకైనదే ముందు. కారు పెద్ద బ్యాటరీ కొలవాలి: రాత్రంతా నిలిచిన కారులో 12.4 వోల్టుల కన్నా బాగా తక్కువుంటే ముందు దాన్ని చార్జి చేయాలి. తరవాత ఫ్యూజు. ఆపై కొత్తగా ఏం బిగించారో గుర్తుచేసుకోవాలి: డాష్‌క్యామ్, చవక మొబైల్ చార్జరు, ఎల్ఈడీ బల్బులు రేడియో రొద పుట్టిస్తాయి. అన్నీ పీకేసి నడిపితే దీపం ఆరితే ఒక్కొక్కటే తిరిగి పెడుతూ దోషిని పట్టవచ్చు. నీళ్లు కారిన కార్పెట్, ఊడిన యాంటెనా కనెక్టరు చూశాకే రిసీవరు మార్చే మాట ఎత్తాలి. మార్చితే సెన్సర్లు, రిమోట్లు అన్నిటినీ దానికి మళ్లీ నేర్పాలి.

ఎంతవరకు ఖర్చు పెట్టాలి

ఎనిమిదేళ్లు దాటిన కారులో ఒక సెన్సరు సెల్లు అయిపోతే మిగతా మూడూ వెనకే వస్తాయి. సెన్సరు ధరతో పాటు టైరు ఊడదీసి, బిగించి, బ్యాలెన్సింగ్ చేసే కూలీ కూడా ఉంటుంది గనక టైర్లు మార్చే సమయం దగ్గరుంటే అప్పటిదాకా ఆగి నాలుగూ ఒకేసారి వేయించడం లాభం. ఆ లోపు నెలకోసారి గేజితో గాలి కొలవడం తప్పనిసరి. సెన్సర్లు పనిచేస్తున్నా ఈ అలవాటు మంచిదే, ఎందుకంటే దీపం వెలిగే సరికి గాలి పావువంతు పోయి ఉంటుంది. అమెరికాలో రిపేరు షాపులు ఈ వ్యవస్థను పనిచేయకుండా చేయడం చట్టవిరుద్ధం. దీపం ఆర్పించేయమని అక్కడి షాపును అడగకూడదు.

పాత కారు కొనేటప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేసి టైరు గాలి దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరుతుందో లేదో చూడాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని తీసేసి ఉండవచ్చు. రెండు తాళాలూ అడిగి తీసుకోవాలి, రెండింటితోనూ తలుపులు తీసి ఇంజిను స్టార్ట్ చేసి చూడాలి. ఒక్కటే ఇస్తే రెండోదాని ఖర్చు బేరంలో తగ్గించుకుని వెంటనే చేయించుకోవాలి. పనిచేసే తాళం ఒకటి చేతిలో ఉండగా రెండోది జత చేయడం చాలా కార్లలో తేలిక. ఉన్న ఒక్కటీ పోయాక చేయించడం అన్నిటికన్నా ఖరీదైన పని. పోయిన తాళాన్ని కారు జాబితాలోంచి తొలగించమని అప్పుడే చెప్పాలి. భారత్‌లో కారు దొంగతనానికి బీమా క్లెయిము వేస్తే కంపెనీలు సాధారణంగా రెండు తాళాలూ అడుగుతాయి. అందుకే ఒకటి పోయినప్పుడు పోలీసు ఫిర్యాదు కాపీని, కొత్త తాళం రసీదును బీమా కాగితాలతో పాటు భద్రపరచాలి.